చెవిగారి బ్లోయర్

పిల్లనిచ్చిన మామగారికి బండి ఉండకూడదు. ఉన్నా అది పాడవకూడదు. పాడైనా అల్లుడు మెకానిక్ అయి ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి నెరవేరినా నేను హాయిగా సెలవు రోజున తొమ్మిదింటిదాకా పడుకునేవాణ్ణి.

నా షెడ్డుకి సెలవు లేదు. వారం వారం పొద్దున్నే షట్టర్ సగం ఎత్తేసరికి వీధి మొదట్లోంచి ఒక కేక వినపడుతుంది. అది మా మామగారి బండి. ఎదురుగా మందుల షాపాయన లేచి తన గాజు తలుపు మూసేస్తాడు. పక్కనున్న టైలరమ్మ మిషను తొక్కడం ఆపి, "వస్తున్నారండీ మీ మామగారు" అని నాకేదో తెలియని సంగతి చెప్తున్నట్టు చెప్తుంది. బండి నా షెడ్డు ముందు ఆగుతుంది. మామగారు దిగి, బానెట్ మీద చెయ్యేసి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉండి, నిట్టూర్చి, ప్రతి వారం చెప్పే మాటే మళ్లీ చెప్తారు.

"అల్లుడూ, బ్లోయర్ నీరసపడింది."

నీరసమట! మీకు ఆ బ్లోయర్ సంగతి కాస్త చెప్పాలి. మామూలు ఇంజిన్ తనకు కావలసిన గాలి తనే పీల్చుకుని తన మానాన తను బతుకుతుంది. కొన్నిటికి మాత్రం నెత్తిన సూపర్‌చార్జర్ అని ఒకటి ఎక్కిస్తారు. మా షెడ్డు భాషలో బ్లోయర్. ఇంజిన్ తిప్పే బెల్టుతోనే అదీ తిరుగుతూ, గాలిని నొక్కి నొక్కి ఇంజిన్ నోట్లో కుక్కుతుంది. కొత్తల్లుడు చాలు బాబోయ్ అంటున్నా అత్తగారు వడ్డిస్తూనే ఉంటుంది చూశారూ, అలాగన్నమాట. తిన్నవాడికి బలం వస్తుంది, కాదనను. కానీ ఏళ్ల తరబడి అలా తింటే ఏమవుతుందో నా పొట్ట చూస్తే తెలుస్తుంది. అలాంటి ఇంజిన్‌కి వేడెక్కువ, అరుగుదలెక్కువ, చాకిరీ ఎక్కువ. గట్టిగా తోలితే ఆ బ్లోయర్ సన్నగా, పళ్లు జివ్వుమనేలా ఈల వేస్తుంది. ఆ ఈలంటే మామగారికి పంచప్రాణాలు. అది రానురాను తగ్గిపోతోందని ఆయన దిగులు. అవతల మందుల షాపాయన తలుపు మూసుకునేంతగా తగ్గిపోయింది మరి.

మామగారు ఆషామాషీ మనిషి కాదు. ఇంజిన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో టెస్ట్ రూముకి పెద్దగా చేసి రిటైరయ్యారు. తయారైన ప్రతి ఇంజినూ ఆయన ముందు తిరగాల్సిందే. ఒక పొడుగాటి చెక్క కడ్డీ పట్టుకుని, ఒక కొస ఇంజిన్ మీదా ఇంకో కొస చెవి వెనక ఎముక మీదా ఆనించి కళ్లు మూసుకునేవారట. కాసేపటికి కళ్లు తెరిచి "ఇది బతుకుతుంది" అనో "ఇది బతకదు" అనో తీర్పు చెప్పేవారట, యమధర్మరాజు లాగా. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అక్కడ అందరూ ఆయన్ని చెవిగారు అనేవారు. ఇప్పటికీ మా వీధిలో మెకానిక్కులందరికీ ఆయన చెవిగారే. టెస్ట్ రూములో పనిచేసేవాళ్లకి చెవుల మీద పెట్టుకోవడానికి డిప్పలు ఇచ్చేవారు. ఈయన పెట్టుకుంటేనా? "వంటవాడు నాలుక్కి గుడ్డ కట్టుకుని ఉప్పు చూస్తాడా?" అని అడిగారట. ఎంత గొప్ప మాట! ఆ మాట పట్టుకునే ముప్ఫయ్యేళ్లు ఆ ఇంజిన్ల ఈలల పక్కన ఉత్త చెవులతో నిలబడ్డారు. తర్వాత ఏమై ఉంటుందో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. ఊహించనిది ఆయనొక్కరే.

పూర్తిగా చెవుడని కాదు. నాది గాడిద గొంతు, నేను మాట్లాడితే శుభ్రంగా వినపడుతుంది. లారీ వినపడుతుంది, ఉరుము వినపడుతుంది, పాత స్నేహితుల లావు గొంతులు వినపడతాయి. పోయినవల్లా సన్నటివి. గుమ్మం గంట పోయింది, కుక్కర్ విజిల్ పోయింది. మా అత్తగారిది పీలగొంతు. లెక్క తీస్తే ఆ ఇంట్లో ఆయనకి వినపడనివి ముఖ్యంగా రెండు: ఒకటి బ్లోయరు, రెండోది భార్య. అందులో ఒకదాని కోసమే ఆయన నా దగ్గరికి వచ్చేవారు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ బండికి జరిగే సేవలో పదో వంతు నాకు జరిగితే మోకాళ్ల నొప్పులు లేకుండా నూరేళ్లు బతుకుతాను. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ వెచ్చబడేదాకా చక్రం కదలనివ్వరు. దూరం వెళ్లొస్తే వెంటనే ఆపరు, కాసేపు ఊరికే తిరగనిచ్చి, చల్లారాక ఆపుతారు. బ్లోయర్‌కి దాని నూనె దానికి విడిగా ఉంటుంది, చిన్న గిన్నెడు. ఆ సంగతి తెలియక సగంమంది యజమానులు బ్లోయర్‌ని ఎండగట్టి చంపుతారు. మామగారా, కంపెనీవాళ్లు చెప్పిన గడువులో సగానికే మార్చేస్తారు. గాలి ఫిల్టరు ఆయన చొక్కా కాలరు కంటే తెల్లగా ఉంటుంది. అందుకే పాతికేళ్ల బండి అయినా లోపల ఇంజిన్ గుండ్రాయిలా ఉంది. అంత బాగా సాకిన బండిని అంత ప్రేమగానూ చంపడం మొదలుపెట్టారాయన.

మొదట బెల్టు జారుతోందన్నారు. బెల్టు జారితే బ్లోయర్ తిరగదు, తిరక్కపోతే ఈల రాదు, అదీ ఆయన తర్కం. తర్కంలో తప్పేమీ లేదు. నేను పానా పట్టుకుని వంగి, గాల్లో రెండు తిప్పులు తిప్పి, "బిగించానండీ" అన్నాను. ఆయన ఒకసారి ఇంజిన్ రేజ్ చేసి, కళ్లు మూసుకుని విని, కాస్త నయమన్నారు. గాలిని బిగిస్తే నయమవడం నా సర్వీసులో అదే మొదలు. నేను పొంగిపోయాను. వారం తిరక్కుండా ఆయనే ఇంట్లో ఆ బెల్టుని మీటితే మోగేలా బిగించేశారు. ఆ లాగుడంతా బ్లోయర్ ముక్కులో ఉండే బేరింగ్ మీద పడుతుంది. అది చాలదన్నట్టు, లేత్ మిషనాయన్ని పట్టుకుని బ్లోయర్‌కి చిన్న పుల్లీ, అంటే బెల్టు పట్టి తిరిగే చక్రం, చేయించి వేయించారు. పుల్లీ చిన్నదైన కొద్దీ బ్లోయర్ ఇంకా జోరుగా తిరుగుతుంది, ఇంకా అరుస్తుంది, ఇంకా అరుగుతుంది. నేను బానెట్ ఎత్తి చూసేసరికి బెల్టు నలగ్గా రాలిన నల్లపొడి ఇంజిన్ ముందంతా పరుచుకుని ఉంది. బేరింగ్ మీద చెయ్యి పెడితే లోపల ఇసుక నలిగినట్టు తెలుస్తోంది.

"మామయ్యగారూ, ముక్కులో బేరింగ్ పోతోందండీ. మూలుగుతోంది," అన్నాను.

ఆయన కారు డిక్కీలోంచి ఆ చెక్క కడ్డీ తీశారు. ఆనించారు. కళ్లు మూసుకున్నారు. టైలరమ్మ కూడా మిషను ఆపి చూసింది. తీర్పు వెలువడింది: బేరింగ్ పట్టులాగా తిరుగుతోందట. తర్వాత నా భుజం తట్టి, నా చెవి ఇంకా పండలేదనీ, అందుకు ఇంకో ఇరవయ్యేళ్లు పడుతుందనీ ఓదార్చారు. పండిన చెవి ఎలా ఉంటుందో ఎదురుగా కనిపిస్తూనే ఉంది కాబట్టి నేనేం తొందరపడలేదు.

ఇదంతా ఊళ్లో తిరిగే వ్యవహారమైతే నేనూ నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. టెస్ట్ రూము పాతవాళ్లంతా కలిసి కొండ మీద గెస్ట్ హౌసులో సభ పెట్టుకున్నారు. అందులో చెవిగారి చెవిని పొగడబోతున్నారట. మామగారు ఈ బండిలోనే వెళ్లాలి, పక్కన అత్తగారుండాలి, బ్లోయర్ ఈల కొండంతా వినపడాలి. అందుకని లేత్ ఆయనకి ఇంకా చిన్న పుల్లీ పురమాయించారు. ఆ బండిలో ఉన్నది ఒకే బెల్టు. బ్లోయర్‌ని తిప్పేదీ అదే, నీళ్ల పంపుని తిప్పేదీ అదే, స్టీరింగ్‌ని తేలిక చేసే పంపుని తిప్పేదీ అదే. బేరింగ్ పట్టేసిందా, బెల్టు తెగుతుంది. తెగిందా, కొండ మలుపులో స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. డెబ్భై దాటిన మనిషి చేతులు, ఒక పక్క లోయ, పక్క సీట్లో మా అత్తగారు. ఇంతసేపూ నవ్వులాటగా చెప్పాను గానీ, ఆ పుల్లీ సంగతి విన్న రోజున షెడ్డు మధ్యలోనే మూసేసి ఆయన ఇంటికి పరిగెత్తాను.

బండి నా దగ్గర వదిలేయమని బతిమాలాను. వినపడని డాక్టరు దగ్గర రోగిని ఎవరు వదులుతారని అడిగారు.  ఇంటికెళ్లి మా ఆవిడతో, మీ నాన్నకి చెవులు పోయాయి, ఆ ముక్క నువ్వే చెప్పాలన్నాను. తను అంతెత్తున లేచింది. కన్నకూతురు ఆ మాట ఎలా అంటుందట? అల్లుడైతే మర్యాద కొద్దీ వింటారట. పైగా మెకానిక్కునట. పిల్లి మెడలో గంట కట్టడానికి ఎలుకలన్నీ సభ చేసి, చివరికి కొత్తగా వచ్చిన ఎలుకని పంపాయన్నమాట. పెళ్లై పద్దెనిమిదేళ్లైనా ఆ ఇంట్లో నేను కొత్త ఎలుకనే.

సరే, భోజనానికి వెళ్లినప్పుడు కడుపు నిండాక చెప్దామనుకున్నాను. కోపం కూడా కాస్త నిదానిస్తుంది కదా. నేనూ మామగారూ కూర్చున్నాం. అత్తగారు గరిటె పట్టుకుని వచ్చి, మొగుడి కళ్లలోకి చూసి, పెళ్లిచూపుల్లో కూడా అంత చక్కగా నవ్వి ఉండరు, అలా నవ్వుతూ, "ఈ మొండిఘటానికి ఇంకో గరిటె వెయ్యనా, లేకపోతే ఆ దిక్కుమాలిన బండి మూతిలో పోసుకుంటారా?" అన్నారు.

"కొంచెం చాలు," అన్నారు మామగారు, ఆప్యాయంగా.

నాకు పొలమారింది. అత్తగారు నా వైపు చూసి గరిటె పెదాల మీద అడ్డం పెట్టుకున్నారు. మామగారు నాకు నీళ్ల గ్లాసు జరిపి, నా చెవిలో రహస్యం చెప్తున్నట్టు, వయసు మీద పడ్డాక మీ అత్తగారి మాట ఎంత మెత్తబడిందో చూశావా అన్నారు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదట. చూశాను, చెవులారా చూశాను.

చెయ్యి కడుక్కునే నెపంతో వంటింట్లోకి వెళ్లాను. అత్తగారు సింకు దగ్గర నిలబడి, ఏ తప్పూ చెయ్యని మనిషిలా గిన్నెలు తోముతున్నారు. అడిగితే అంతా చెప్పారు. ఆయనకి తన గొంతు వినపడటం మానేసి నాలుగేళ్లు. మొదట్లో కోపమొచ్చిందట, కావాలనే వినడం లేదనుకున్నారట. నాలుగు గోడల మధ్య గోడతో మాట్లాడినట్టుందని ఏడ్చారట కూడా. ఆ తర్వాత ఒక రోజు విసుగొచ్చి నోటికొచ్చిన తిట్టు తిడితే ఆయన నవ్వి, అలాగే కానీ అన్నారట. అప్పుడు తెలిసొచ్చింది, ఇందులో సుఖం కూడా ఉందని.

"నలభై ఏళ్లు ఆయన చెప్పారు, నేను విన్నాను. ఇన్నాళ్లకి నా నోటికి తాళం ఊడింది. బాబూ, మీకు దణ్ణం పెడతాను, ఆయన చెవుల జోలికి పోకండి," అన్నారు.

కొండదారి సంగతి అప్పుడు చెప్పాను. బేరింగ్, బెల్టు, స్టీరింగ్, మలుపు. ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కుళాయి కట్టడం కూడా మరిచిపోయారు. అంత మొండిమనిషికి మాటతో చెప్తే లాభం లేదన్నారు. అలమారలో పై అరకి చెయ్యి చాపి ఒక తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా దించారు. అందులో చిన్న చిన్న ఇనప గోళీలున్నాయి, బేరింగుల్లోంచి తీసినవి, బటాణీ గింజంత కూడా లేవు.

పెళ్లైన కొత్తలో అందరూ సినిమాలకీ షికార్లకీ వెళితే వీళ్లు గోళీలు వేసుకునేవారట. మామగారు గోడ వైపు తిరిగి కూర్చునేవారు. అత్తగారు వెనక నిలబడి ఒక్కో గోళీ స్టీలు సాసర్లో వెయ్యాలి. బాగున్న గోళీ టింగుమంటుంది. బీటవారింది టిక్కుమంటుంది. ఏది ఏదో వినగానే ఆయన చెప్పాలి. అది ఆయన చెవికి సాధన. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి రావాలి. ఆయన ఎప్పుడూ తప్పేవారు కాదట. ఆ మాట చెప్తున్నప్పుడు మాత్రం అత్తగారి మొహంలో ఇందాకటి వెటకారం లేదు. ఆ చెవిని చూసి ఈవిడ మురిసిపోయిన రోజులు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ప్రయాణం ముందు రోజు పొద్దున మామగారు వచ్చారు. జేబులోంచి కొత్త పుల్లీ తీసి నా చేతిలో పెట్టారు. తళతళ మెరుస్తోంది, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. దాన్ని బిగిస్తే బ్లోయర్ కొండ మొదలు కూడా దాటదు. కుడితిలో పడ్డ ఎలుకలా దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. ఇంతలో మా ఆవిడ స్కూటరు మీద అత్తగారిని తీసుకొచ్చి దింపింది. అత్తగారి సంచిలో డబ్బా ఉంది.

ఆవిడ ఆయన ఎదురుగా వచ్చి, చెయ్యి పట్టుకుని, గొంతు పెంచి చెప్పారు. రేపు సభలో అందరూ మీ చెవిని పరీక్ష పెడతారు, ఒకసారి గోళీలు వేసుకుని చూద్దామన్నారు. డబ్బా చూడగానే మామగారి మొహం విచ్చుకుంది. ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా అన్నారు. ఒక చెక్కపెట్టె బోర్లించుకుని, నేను పానాలు తగిలించే గోడ వైపు తిరిగి, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. నేను కంప్రెషర్ ఆపేశాను. టైలరమ్మ మిషను ఆపేసింది. ఎదురు షాపాయన తలుపు తెరిచి గుమ్మంలోకి వచ్చాడు. వీధి వీధంతా ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది.

అత్తగారు సాసరు నా పని బల్ల మీద పెట్టి ఒక గోళీ జారవిడిచారు. టింగుమంది. ఎదురు షాపాయన దాకా వినపడి ఉంటుంది. మామగారు కదల్లేదు.

రెండోది వేశారు. టిక్కుమంది. బీటవారింది అదే. మామగారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్ష పేపరు కోసం చూసే పిల్లాడిలా ఎదురుచూస్తున్నారు. మూడోది వేశారు. నాలుగోది వేశారు.  అత్తగారు ఒక్కోదానికీ మధ్య ఎక్కువసేపు ఆగుతున్నారు, ఈసారైనా చెప్తారేమోనన్నట్టు. డబ్బా ఖాళీ అయింది.

"ఊఁ, ఎప్పుడు మొదలెడతావు?" అన్నారు మామగారు గోడతో.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడని సామెత. ఈ నాలుగేళ్లలో ఆ సామెత తలుచుకుని నేను లోపల్లోపల ఎన్నిసార్లు నవ్వుకున్నానో. అప్పుడు నవ్వు రాలేదు. మా ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

జవాబు రాకపోయేసరికి మామగారు వెనక్కి తిరిగారు. సాసరు చూశారు. గోళీలతో నిండి ఉంది. ఖాళీ డబ్బా చూశారు. అత్తగారి మొహం చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను జన్మలో పుల్లీ అనేది చూడనట్టు చేతిలో పుల్లీని పరీక్షగా చూస్తున్నాను. ఆయన ఎన్నాళ్లయిందని అడిగారు. నాలుగేళ్లని అత్తగారు చెప్పారు. అది ఆయనకి అందలేదు. పెదాలకేసి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ దగ్గరికి నడిచి, వంగి, ఆయన చెవికి నోరు ఆనించి మళ్లీ చెప్పారు.

"నాలుగేళ్లా?" అన్నారు మామగారు. "మరి చెప్పలేదేం?"

"చెప్పాను," అన్నారు అత్తగారు ఆ చెవిలోనే. "రోజూ చెప్పాను."

ఆయన సాసర్లోంచి ఒక గోళీ తీసి వేళ్ల మధ్య దొర్లించి, మళ్లీ సాసర్లో వేశారు. టింగుమంది. ఇంకోసారి వేసి చూశారు. తర్వాత లేచి, నా చేతిలోంచి పుల్లీ తీసుకుని జేబులో వేసుకుని, బెల్టు విప్పమన్నారు.

విప్పాను. బ్లోయర్ ముక్కు ఊడదీసి బేరింగ్ బయటికి లాగాను. దాన్ని ఆయన అరచేతిలో పెడితే వేలు పెట్టి తిప్పారు. వేళ్లకి చెవుడు లేదు కదా. అది గరగరలాడుతూ, ఆగి ఆగి, ఒకచోట పట్టేసింది. ఇది చాలా రోజులు అరిచి ఉంటుందే అన్నారు. అరిచిందన్నాను. వీధంతా విందా అని అడిగారు. విందని చెప్పాను. తల ఊపి, ఆ బేరింగ్‌ని చేతిరుమాల్లో చుట్టుకుని కూర్చున్నారు. ఆ పూట మామగారి మీద నాకు జాలేసింది. పద్దెనిమిదేళ్లలో ఆ ముక్క నేను ఎవరి దగ్గరా అనలేదు, మీరూ అనకండి.

కొండకి బస్సులో వెళ్లారు. తిరిగొచ్చాక సభ విశేషాలు అత్తగారే చెప్పారు. టెస్ట్ రూము మహానుభావుల్లో సగంమంది చెవుల్లో మిషన్లున్నాయట. మిగతా సగం మిషన్లు పెట్టుకోక, వేదిక మీద ఏం చెప్తున్నారో తెలియక, పక్కవాడు చప్పట్లు కొట్టినప్పుడల్లా కొట్టారట. చెవిగారి చెవిని పొగుడుతూ ఒకాయన అరగంట మాట్లాడితే, చెవిగారు లేచి, నాకు వినపడలేదు, మళ్లీ చెప్పమన్నారట. హాలంతా ఘొల్లుమందట. ఆ నవ్వులో నవ్వుగా ఆయన తన చెవులు పోయాయని చెప్పేశారు. ఆ తర్వాత ఇంకో నలుగురు లేచి తమవీ పోయాయన్నారట.

మామగారికీ చెవి మిషన్ వచ్చింది. పెట్టుకున్న మొదటి పూట మేం భోజనానికి వెళ్లాం. అత్తగారు గరిటె పట్టుకుని వచ్చి, అలవాటు కొద్దీ కళ్లలోకి చూసి చక్కగా నవ్వి, "ఈ మొండిఘటానికి ఇంకో గరిటె వెయ్యనా?" అన్నారు.

"మొండిఘటానికి సగం చాలు," అన్నారు మామగారు.

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. అత్తగారు వడ్డించిన సగం గరిటెలో సగం బల్ల మీద పడింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆవిడ నోరు విప్పితే ఒట్టు. పాపం మామగారు మిషన్ పనిచెయ్యడం లేదేమోనని రెండుసార్లు షాపుకి తీసుకెళ్లి చూపించుకొచ్చారు. చేసిన పుణ్యం చాలు బాబూ అని అత్తగారు నన్ను చూసి నిష్ఠూరమాడారు. అల్లుడికి ఎటు చూసినా నిందే కదా, అలవాటే.

బ్లోయర్‌కి కొత్త బేరింగ్ వేశాను. పాత పుల్లీ, పాత కొలతలో బెల్టు, కొత్త నూనె. పాతికేళ్ల కిందట కంపెనీవాళ్లు పంపినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. బండి ఇచ్చేసి, ఇక సెలవు రోజు పొద్దున్న నాకు నిద్ర దక్కుతుందని మురిసిపోయాను.

వారం తిరిగింది. షట్టర్ సగం ఎత్తేసరికి మామగారి బండి గుమ్మంలో ఉంది. ఈసారి పక్క సీట్లో అత్తగారు కూడా ఉన్నారు, అటువైపు కిటికీలోంచి చూస్తూ. మామగారు దిగి బానెట్ మీద చెయ్యేశారు. నిట్టూర్చారు. నేను పానా అందుకున్నాను.

"అల్లుడూ, దీని గోల తగ్గించే దారి ఏమైనా ఉందా?" అన్నారు.

పొరపాటున విన్నానేమోనని, నా చెవి కూడా పండిపోయిందేమోనని భయం వేసింది. గోలేమీ లేదు మామయ్యగారూ, బ్లోయర్ అన్నాక ఆ మాత్రం ఈల ఉంటుంది, మీకు ఇష్టమైన ఈలే కదా అన్నాను.

"ఉంటే ఉంది," అని ఆయన కిటికీ వైపు చూపించి, నా వరకే గొంతు తగ్గించారు. "ఇందాకట్నుంచి మీ అత్త నాకేదో చెప్తోంది. ఈ వెధవ గోలలో సగం వినపడి చావట్లేదు."

బండికి చెయ్యాల్సిందేమీ లేదని చెప్పాను. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే ఈల వస్తుంది, నెమ్మదిగా తోలితే అస్సలు రాదు. ఆ సంగతి నాకు ఆయనే ఎప్పుడో నేర్పారు. మామగారు ఓహో అన్నట్టు తలాడించి, ఎక్కి కూర్చుని, చెవిలో మిషన్ ఒకసారి సర్దుకున్నారు. బండి కదిలింది. వీధి చివర్లో ఒక సైకిలాయన దాన్ని దాటుకుని వెళ్లిపోయాడు. మందుల షాపాయన తలుపు వెయ్యలేదు.